ఖాళీగా వదిలిన వరస

“ఓలమ్మో, సర్వం పోనాదంట!”

దాలమ్మ గుమ్మంలో నిలబడి వేసిన కేకకి ఆ వీధి వీధంతా ఉలిక్కిపడింది. ఎదురింటి సుధ జీడిపిక్కల చేట చేతిలో ఉండగానే పరిగెత్తుకొచ్చింది. తొమ్మిది రోజుల కిందట చావు కబురు విన్న ఇల్లు. మళ్ళీ ఎవరికేమైందోనని ఆవిడ కళ్ళు ఏడవడానికి సిద్ధమైపోయాయి.

లోపల దాలమ్మ అల్లుడు రవిశంకర్ ఫోన్‌లో అదే మాట మూడోసారి చెబుతున్నాడు.

“సర్వర్ పోలేదు సార్. సర్వర్ బాగానే ఉంది. ఎర్రర్ సర్వర్‌లో లేదు.”

హేమలత వంటింట్లోంచి వచ్చి తల్లి భుజం పట్టుకుంది.

“సర్వం కాదే అమ్మా, సర్వరు. ఆపీసులో కంప్యూటరు.”

“అదీ పోనాదా?”

“పోలేదు.”

“పోకపోతే పోలేదని అంత గట్టిగా అరవడమేటే? పోయినోళ్ళ ఇంట్లో?”

ఆ మాటతో దాలమ్మ నిజంగానే ఏడ్చింది. సుధ కాసేపు నిలబడి, ఏడుపు కొత్తది కాదని తెలుసుకుని, చేటతో వెనక్కి వెళ్ళిపోయింది.

సర్వర్ పోలేదు. కానీ రేపు మధ్యాహ్నానికి సర్వమూ పోయే ఏర్పాటు మాత్రం జరిగిపోయింది. ఆ కాగితం బల్ల మీద పేపర్‌వెయిట్ కింద రెపరెపలాడుతోంది. సాగరవాణి టెలికాం వాళ్ళు పంపింది. తొమ్మిది రోజుల కిందట ఉద్దానం పల్లెల ఫోన్లన్నీ ఎనిమిది గంటలు ఎందుకు మూగబోయాయో రేపు చెప్పాలి. చెప్పలేకపోతే ఉద్యోగానికి రానక్కర్లేదు.

రవిశంకర్ పని ఏ తీగ ఏ దారిన వెళుతోందో కంప్యూటర్‌లో ఎక్కించడం. దాన్ని ఇన్వెంటరీ అంటారు. ఇన్వెంటరీ అంటే ఇన్నేళ్ళ ఎంట్రీ అని అతను ఒకప్పుడు అందర్నీ నవ్వించేవాడు. ఆ ఎంట్రీలే ఇప్పుడతనికి ఎగ్జిట్ చూపిస్తున్నాయి.

ఫోన్ పెట్టేసి అతను గోడవైపు చూశాడు. గోడకి ఆనుకుని మామగారు తాతారావు కూర్చున్నాడు. కంపెనీకి కాంట్రాక్టు లైన్‌మాన్. ఇరవై ఏళ్ళుగా తీగలతో బతికినవాడు, తొమ్మిది రోజులుగా తెగినట్టే ఉన్నాడు. మాటకారి మామ మాటకరువు మామ అయిపోయాడు.

అన్నగారు గోపాలరావు పోయింది ఫోన్లు మూగబోయిన ఆ రోజే. కబురు అందలేదు. తాతారావు వెళ్ళేసరికి అన్నని తోటలో పూడ్చేశారు. ఆ రాత్రి ఇంటికొచ్చి అల్లుడితో ఒక్క మాటే అన్నాడు.

“నీ కంప్యూటరు మా అన్న మొహం సూడనీలేదు.”

అంతే. ఆ తర్వాత అల్లుడితో కూర్చుని అన్నం తినలేదు.

*

“మీ నాన్నని అడుగు,” అన్నాడు రవిశంకర్.

“ఏటడగమంటారు?”

“ఆ రోజు తీగ ఎక్కడ తెగిందో.”

“రాసిచ్చేరు కదా. సోంపేటలో తీగలతికిన జాయింటు దగ్గరని.”

“అది అబద్ధం.”

హేమలత చేతిలో గరిటె ఆగింది. బయట పలాస జీడి ఫ్యాక్టరీ పొగ ఘాటుగా కిటికీలోంచి వస్తోంది. దాని వల్లే కళ్ళు మండుతున్నాయని ఇద్దరూ అనుకోవచ్చు.

“మా నాన్న అబద్ధమాడేరంటన్నారా?”

“ఇది చూడు.”

అతను ఒక కాగితం పరిచాడు. పలాస నుంచి సోంపేటకి రెండు గీతలున్నాయి. ఒకటి రైలుకట్ట పక్కగా సుమ్మాదేవి స్టేషను మీదుగా. రెండోది సముద్రంవైపు రోడ్డు పక్కగా. రెండూ కలిసి ఒక చుట్టు.

“దీన్ని రింగు అంటాం. ఇటు తెగితే సర్క్యూట్లని అటు మళ్ళిస్తాం. ఈ రింగు ఉంటే రింగు ఆగదని నమ్మకం. ఆ రోజు పది గంటల పద్నాలుగు నిమిషాలకి రైలుకట్ట తీగ పోయిందని అలారం వచ్చింది. వెంటనే సముద్రం రూటుకి మార్చేను. కంప్యూటరు ‘మార్పిడి విజయవంతం’ అంది. ఫోన్లు మాత్రం లేవలేదు. మళ్ళీ మార్చేను. మళ్ళీ విజయవంతం. మూడోసారీ అంతే.”

“మూడు విజయాలూ మీరే సాధించేరు కాబోలు.”

ఆమె నవ్వించాలని అనలేదు. అతనూ నవ్వలేదు.

“రూటు మార్చినా రాత మారలేదే హేమా. నేను తప్పు నొక్కేనని వాళ్ళంటన్నారు. నేనూ అదే అనుకున్నాను. నిన్న అలారాలన్నీ ప్రింటు తీసి చూశాను. సముద్రం తీగ అలారం కూడా ఉంది, వందల అలారాల కింద. టైము చూడు.”

హేమలత వంగి చూసింది. పది గంటల పద్నాలుగు నిమిషాలు.

“మధ్యలో ఆరు మైళ్ళ దూరం ఉన్న రెండు తీగలు ఒకే నిమిషంలో ఎలా తెగుతాయి? సోంపేట జాయింటులో సముద్రం తీగొక్కటే ఉంది. అది తెగితే రైలుకట్ట తీగ బతికుండాలి.”

“అయితే మీ కంప్యూటరే తప్పు చెబుతోంది.”

“కంప్యూటరు సొంతంగా ఏమీ చెప్పదు. కాగితం మీద ఉన్నది నేను ఎక్కించేను. కాగితంలో ఉన్నది మీ నాన్న రాయించేరు.”

హేమలత గరిటె గిన్నెలో పడేసింది. ఆ చప్పుడుకి గోడ దగ్గర తాతారావు కళ్ళు తెరిచాడు. విన్నాడో లేదో తెలియలేదు.

“తమ్ముడై ఉండి అన్న కడసారి చూపు దక్కని మనిషి,” అంది హేమలత గొంతు తగ్గించి. “ఆయన్ని దొంగలా నిలబెడతారా?”

“నేను నిలబడ్డానికి చోటు లేదిక్కడ.”

“అయితే మీరే అడగండి. నన్ను మధ్యలో తీగ సేయకండి.”

*

రవిశంకర్ వెళ్ళి మామగారికి ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

“మావయ్యా.”

తాతారావు కూర్చున్న చాప అంచు సర్దుకున్నాడు.

“ఆ రోజు పొద్దున్న రైలుకట్ట తీగ పోయిందన్నాను. సుమ్మాదేవి కల్వర్టు చూడమన్నాను. మీరు వెళ్ళేరు.”

“నువ్వు పంపినావు. నానెళ్ళినాను.”

“మధ్యాహ్నం రెండున్నరకి ఆఫీసుకొచ్చి అక్కడేమీ లేదన్నారు. అప్పుడు నేను చెప్పేను, రెండో రూటూ పనిచేయడం లేదు మావయ్యా, రెండూ పోయినట్టున్నాయి అని. మీరు ఎక్కడికని అడగలేదు. అతుకు మిషను తీసుకుని జీపెక్కేసేరు. ఎక్కడికెళ్ళాలో తెలిసినట్టు.”

తాతారావు తువ్వాలు తీసి దులిపాడు. దులపడానికి దాంట్లో ఏమీ లేదు.

“సోంపేట జాయింటని రాసినాను కదా.”

“రాసేరు. జరిగింది చెప్పమంటన్నాను. రేపు విశాఖపట్నం నుంచి మా పెద్దాఫీసరు జగన్మోహనరావు గారు వస్తారు. చెప్పకపోతే నా పని అయిపోతాది.”

పక్కగదిలో దాలమ్మ ముక్కు చీదిన శబ్దం వినిపించింది.

“రేపు అన్న పదోరోజు,” అన్నాడు తాతారావు చివరికి. “వదిన కబురంపింది. మొదటి బస్సుకెళ్తాను.”

లేచి వెళ్ళిపోయాడు. అల్లుడు అడిగిన ప్రశ్న అక్కడే, చాప మీద, అతని బదులు కూర్చుంది.

*

మర్నాడు తాతారావూ దాలమ్మా మొదటి బస్సుకి వెళ్ళారు. రవిశంకర్, హేమలత తర్వాతి బస్సెక్కారు. సోంపేటలో అతను బస్సు దిగగానే తోటవైపు ఆటో ఎక్కలేదు. రోడ్డు పక్క జాయింటు గుంట దగ్గరికి నడిచాడు. హేమలత వెనకే వెళ్ళింది.

సిమెంటు పలక మీద ఎండిన మట్టి, దాని మీద గడ్డి. ఇద్దరూ కలిసి పలక లేపారు. లోపల జాయింటు పెట్టె చుట్టూ చీమలు పుట్ట కట్టుకున్నాయి. ఒక రోజులోనో పది రోజుల్లోనో కట్టింది కాదు.

“దీన్ని ఎవరూ ముట్టుకోలేదు హేమా.”

ఆమె పలకని నెమ్మదిగా కిందికి దించింది. వేళ్ళకంటిన మట్టి చీరకి తుడుచుకుంది.

“ఇప్పుడేటి సేస్తారు?”

“జగన్మోహనరావు గారు వచ్చి ఇదే పలక లేపుతారు. లేపాక తోటకే వచ్చి నన్నడుగుతారు. అక్కడుంటానని చెప్పేను.”

“నాన్నని చెప్పనీయండి. మీరు చెప్పకండి.”

“ఆయన చెప్పకపోతే?”

హేమలత రోడ్డు మీదికి వెళ్ళి చెయ్యెత్తింది. ఆటో వచ్చింది. ఎక్కారు.

*

గోపాలరావు తోటలో కొబ్బరి చెట్లు వరసలు వరసలుగా ఉన్నాయి, మధ్య మధ్య జీడిమామిడి. ఒక్క వరస మాత్రం లేదు. తోట ఈ చివర నుంచి ఆ చివరకి రెండు బారల వెడల్పున నేల ఖాళీగా ఉంది. ఒక మొక్క లేదు, ఒక పాదు లేదు. దాని నడుమ కొత్త సమాధి.

తోటలోనే పూడ్చడం వాళ్ళ వంశంలో ఆచారం. సమాధి దగ్గర పాలు పోయడం అయింది. బంధువులు చాపల మీద కూర్చున్నారు. గోపాలరావు భార్య కామాక్షి తలవంచుకుని ఉంది. కొడుకు ఢిల్లేశ్వరరావు గుండుతో అటూ ఇటూ తిరుగుతున్నాడు. తాతారావుకి ఎవరూ చాప వెయ్యలేదు. ఆస్తి పంపకాల నాడు అన్నదమ్ములు హద్దు దగ్గర తెగతెంపులు చేసుకున్నారు. పన్నెండేళ్ళయింది. ఆ తోటలో అతనికి పాలూ లేదు, పలకరింపూ లేదు. కంచె పక్కన నిలబడి ఉన్నాడు.

రవిశంకర్ చూపు ఆ కంచె మీద పడింది. ముళ్ళకంచె వెంట నల్లటి తీగలు రెండు, గుడ్డపీలికలతో కట్టి ఉన్నాయి. ఖాళీ నేల ఒక చివర భూమిలోంచి లేచి, సమాధిని చుట్టి, రెండో చివర మళ్ళీ భూమిలోకి దిగాయి. మీద సాగరవాణి అచ్చు.

రెండు తీగలు. ఒకే చోట.

మామగారి వైపు చూశాడు. తాతారావు చూపు తిప్పుకున్నాడు.

“ఏటి బావా, అలా సూత్తన్నావు?” అన్నాడు ఢిల్లేశ్వరరావు. “ఆ తీగలు సిన్నాన్నవే. ఆ సాయంత్రం మేం ఇంటికెళ్ళిపోయేక ఒక్కడే కూకుని కట్టుకున్నాడు. అన్న మట్టి ఆరకముందే ఆయనకి కంపెనీ పనొచ్చింది.”

“ఒరే,” అంది కామాక్షి.

“నాను లేనిది అన్నానేటి? ఆ రోజు ఫోన్ సేసినాం. లైను లేదు. అది మా తప్పా?”

“గొయ్యి తవ్వించీసి ఫోన్ సేత్తానన్నావు. ముందు ఫోను సెయ్యరా అన్నాను నాను. ఇన్నావు కాదు.”

అప్పుడే గేటు దగ్గర జీపు ఆగింది.

జగన్మోహనరావు దిగాడు. బూట్లకి ఎర్రమట్టి ఉంది. సోంపేట పలక లేపే వచ్చాడని తెలిసిపోయింది. చావింటికి వచ్చిన మర్యాదకి ఒక్క క్షణం చేతులు జోడించి, రవిశంకర్‌ని పక్కకి పిలిచాడు. పిలిచింది పక్కకే గాని, గొంతు అందరికీ వినిపించింది.

“ఆ జాయింట్ ఓపెన్ చేసి ఏళ్ళయింది. ఎనిమిది గంటలు ఎందుకు పోయాయి? మీ డేటాలో తప్పా, మీరు చేసిన మార్పిడిలో తప్పా? ఒక్కటి చెప్పండి.”

రవిశంకర్ మామగారి వైపు చూడలేదు. చూస్తే చెప్పేస్తానని భయం.

“నా ఎంట్రీయే తప్పు సార్.”

హేమలత కళ్ళు మూసుకుంది.

“రాసిస్తారా?”

“ఇస్తాను.”

జగన్మోహనరావు జేబులోంచి పెన్ను తీసి చాచాడు. రవిశంకర్ అందుకున్నాడు. కాగితం కోసం చూస్తుండగా కంచె దగ్గర నుంచి గొంతు వచ్చింది. తొమ్మిది రోజులుగా సరిగా వాడని గొంతు. తుప్పు పట్టి ఉంది.

“ఆ బాబు తప్పు కాదండి. నాది.”

తాతారావు ఖాళీ నేలలోకి వచ్చి, సమాధికి రెండడుగుల దూరంలో ఆగాడు.

“తొంబై తొమ్మిది తుపానులో రైలుకట్ట కల్వర్టు కొట్టుకుపోనాది. సముద్రం రోడ్డూ కొట్టుకుపోనాది. రెండు తీగలూ తెగిపోనాయి. బేగి కట్టమని మీవోళ్ళు నన్ను తరిమినారు. కల్వర్టు లేదు, రోడ్డు లేదు. ఈ తోటొక్కటే గట్టి నేల. నాను గునపం అట్టుకుని ఆ గేటు బయట నిలబడ్డాను. లోపలికి రమ్మనడానికి మా అన్నకీ నాకూ మాటల్లేవు.”

చాపల మీద వాళ్ళు ఇటు తిరిగారు.

“మా అన్న వొచ్చి గేటు తీసినాడు. ‘తవ్వుకో’ అన్నాడు. ‘కాయితాల్లో రాయకు. రాత్తే సంతకాలంటారు. మా ఢిల్లేసు ఒప్పుకోడు. పాత తగువు మళ్ళా లేత్తాది’ అన్నాడు. రెండు తీగలూ ఒకటే గోతిలో ఎట్టినాను. కల్వర్టు కట్టినాక మళ్ళా అటు మారుద్దాం అనుకున్నాను. మార్సలేదు.”

“ఎందుకు మార్చలేదు?” అన్నాడు జగన్మోహనరావు.

తాతారావు తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని తీశాడు.

“లైను సూసుకోడానికి ఏడాదికి రెండుమాట్లు లోపలికి రానిచ్చేవోడండి. తీగ మారిత్తే నాకిక్కడ పనేటుంది?”

ఉమ్మడి కుటుంబం విడిపోయినా ఉమ్మడి గొయ్యి ఒకటి మిగిలిందన్నమాట. దాంట్లో కేబులు ఉన్నన్నాళ్ళూ వాళ్ళిద్దరికీ కబురుంది.

“ఎవరి పర్మిషన్‌తో తవ్వావంటే ఏం రాయమంటావు?”

“ఆయన్ని అడగండి,” అని తాతారావు సమాధి చూపించాడు.

తాతారావు అల్లుడి వైపు తిరిగాడు. పది రోజుల్లో మొదటిసారి అతని కళ్ళలోకి చూశాడు.

“నీ కంప్యూటరుకి నాను అబద్ధం సెప్పించినాను బాబూ. అది నిజమనుకుని నన్ను సుమ్మాదేవి పంపింది. ఒక్క తీగే పోనాదన్నావు, తోటలో తెగితే రెండూ పోవాలి కదా అని నానూ కట్టెంటే ఎతికినాను. రాసుంటే... ఆ పొద్దున్నే నువ్వు నన్నీ తోటకే పంపేవోడివి. మా అన్న మొహం సూసేవోణ్ణి.”

రవిశంకర్ చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది.

“ఉండండుండండి,” అన్నాడు ఢిల్లేశ్వరరావు. అతని మొహం పాలిపోయి ఉంది. “గొయ్యి తవ్వినప్పుడు... నల్ల గొట్టాలు రెండు తగిలినాయి. పాత బోరు గొట్టాలనుకున్నాం. నానే గునపంతో తెంపీసినాను.”

“ఎన్ని గంటలకి?” అన్నాడు రవిశంకర్. అడగకుండా ఉండలేకపోయాడు.

“పదయ్యుంటాది. కొంచెం దాటి.”

ఆ ప్రింటు కాగితం ఎవరికీ చూపించనక్కర్లేకపోయింది. అన్న కోసం తవ్విన గొయ్యి తమ్ముడికి వెళ్ళాల్సిన కబురుని తెంపింది. ఆ తెంపిన చేతులతోనే ఢిల్లేశ్వరరావు ఆ రోజు వెళ్ళి ఫోన్ తీశాడు.

“మరి ఇక్కడెందుకు తవ్వించేవు నాయినా?” అంది దాలమ్మ. “ఇంత తోటుంది.”

“ఇదే ఆయన సోటు పిన్నీ,” అన్నాడు ఢిల్లేశ్వరరావు తడబడుతూ. “ఎనిమిదేళ్ళ బట్టి ఈ వరసలో మొక్క ఎయ్యనిచ్చేవోడు కాదు. దూడని కట్టనిచ్చేవోడు కాదు. నానొకసారి కొబ్బరి పిలక నాటితే పీకి అవతల పారీసినాడు. సాయంత్రమైతే ఇక్కడే ఆ సెట్టుకి ఆనుకుని కూకునీవోడు. తన కోసం అట్టిపెట్టుకున్నాడనుకున్నాం. అందరం అలాగే అనుకున్నాం. అడిగితే బాగోదని అడగలేదు.”

తాతారావు ఆ నేల మీదే కూర్చున్నాడు. ఈసారి ఎవరో చాప వేశారు. అతను చూసుకోలేదు.

“తన కోసం కాదురా,” అన్నాడు. “నా తీగ మీద గునపం పడకుండా కాసినాడు.”

జగన్మోహనరావు పెన్ను వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

“రవిశంకర్, మీకు పంపిన కాగితం వెనక్కి తీసుకుంటాను. రెండు రూట్లూ ఇక్కడే ఉన్నాయని ఇవాళే ఎక్కించండి. తాతారావు సంగతి...” ఆగి, సమాధి వైపు చూసి, గొంతు తగ్గించాడు. “రేపట్నుంచి లైను మీదికి రానక్కర్లేదు. అంతకంటే నేనేమీ చెయ్యలేను.”

“సరే బాబూ,” అన్నాడు తాతారావు. ఆ మాట అతనికి తగిలినట్టే లేదు.

హేమలత వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. రవిశంకర్ రెండో పక్కన. ముగ్గురూ ఆ ఖాళీ నేలనే చూస్తున్నారు.

కామాక్షి అప్పటిదాకా తల ఎత్తలేదు. ఇప్పుడు ఎత్తింది. ఖాళీ వరసని ఈ చివర నుంచి ఆ చివరకి ఒకసారి చూసింది, ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ చూడనట్టు.

“ఇది నీ తీగ కోసమైతే,” అంది నెమ్మదిగా, “మీ అన్న తను ఎక్కడ పడుకోవాలనుకున్నాడు తాతారావూ? నీకేటైనా సెప్పినాడా?”

తాతారావు నోరు తెరిచాడు. ఏడాదికి రెండు సార్లు చొప్పున ఎనిమిదేళ్ళు ఆ చెట్టు కింద అన్న చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటే వెతుక్కున్నాడు. వాన గురించి ఉంది. కొబ్బరి గురించి ఉంది. తీగ బాగుందా అని ఉంది.

అది మాత్రం లేదు.